తలుపు మూసిన ఇంట్లో పిల్లికి ఏం పెట్టాలి?

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరం విన్నదే. విజయనగరంలో ఎలుకలు ఎక్కువయ్యాయని రాయలవారు ఇంటికో పిల్లిని ఇచ్చారు. పిల్లికి పాలు కావాలి కదా అని ఇంటికో ఆవునూ ఇచ్చారు. రామకృష్ణుడు కాగే పాలు మూతి ముందు పెడితే నోరు కాలి, ఆ పిల్లి ఆ తరవాత పాలగిన్నె కనబడితేనే పరుగు తీసింది. చిన్నప్పుడు పెనుకొండలో మా అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా రామకృష్ణుడి తెలివికి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు అదే కథలో నాకు ఇంకో సంగతి కనిపిస్తుంది. పిల్లులను తెప్పించిందే ఎలుకల కోసం. పాలు మనుషుల ముచ్చట. పాలు ముట్టని పిల్లి కూడా ఎలుకలు దొరికినంత కాలం హాయిగానే బతికి ఉంటుంది.

అవ్వ ఇంట్లోనూ ఒక పిల్లి ఉండేది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వసారాలో మట్టిచిప్పలో పెరుగన్నం పెట్టేది అవ్వ. అది సగం తిని, సగం వదిలి, గోడ దూకి పోయేది. "పెరుగన్నంతోనే పదేండ్లు బతికింది, దానికేం తక్కువైంది?" అని అవ్వ ఇప్పటికీ అంటుంది. అవ్వ చెప్పేదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే గోడ అవతల శెనక్కాయల మూటల మధ్య అది పట్టిన ఎలుకలు, తొండలు, పిట్టలు ఎవరి లెక్కలోకీ రాలేదు. దాని అసలు భోజనం మనం చూడని చోట జరిగింది. పెరుగన్నం పైపై తిండి.

ఇప్పుడు అనంతపురంలో రాంనగర్‌లోనో సాయినగర్‌లోనో మూడో అంతస్తు ఇంట్లో పిల్లిని పెంచుకునేవాళ్లు తలుపు మూసి ఉంచుతున్నారు. బయటికి వదిలితే బండ్ల కింద పడుతుంది, కుక్కలు పట్టుకుంటాయి, రోగాలు తెచ్చుకుంటుంది. మూయడమే మంచిది, నేనూ మూస్తాను. కానీ తలుపు మూసిన రోజునే పిల్లి తిండిలోంచి ఎలుకను తీసేస్తున్నాం. దాంతోపాటు ఏమేం పోయాయో, వాటి బదులు ఏం పెట్టాలో తెలియకుండా "ఏ బ్రాండు మంచిది?" అని అడిగితే జవాబు దొరకదు. నేను చాలా కాలం ఆ ఒక్క ప్రశ్నే అడుగుతూ ఉండిపోయాను.

మే నెలలో బూడిదోడు

మా పిల్లి బూడిద రంగు మగపిల్లి. అందుకే బూడిదోడు అని పిలుస్తాం. మూడేళ్ల కిందట మే నెలలో ఒక మధ్యాహ్నం, బయట నలభై దాటిన ఎండ. వీడు ఇసుక తొట్టిలోకి పోయి కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు, రెండు నిమిషాలకు మళ్లీ పోతున్నాడు. ఇసుక మాత్రం తడవడం లేదు. నేను మలబద్ధకం అనుకున్నాను. కొంచెం నెయ్యి నాకించి చూద్దాంలే అని ఊరుకున్నాను. సాయంత్రానికి వాంతి చేసుకున్నాడు. పొట్ట కింద చెయ్యి పెడితే ఎప్పుడూ వినని గొంతుతో అరిచాడు. నా వేళ్లకు చిన్న బత్తాయి కాయంత ఉండ తగిలింది, రాయిలా గట్టిగా. అది మూత్రాశయం.

డాక్టరు మత్తిచ్చి సన్నటి గొట్టం ఎక్కించారు. మొదట వచ్చినవి నెత్తురు కలిసిన ఇసుక రేణువులు. మూడు రోజులు సెలైన్ ఎక్కించాక గానీ వాడు తల ఎత్తలేదు. ఆ రాత్రి డాక్టరు నన్ను అడిగింది రెండే ప్రశ్నలు. "ఏం పెడతారమ్మా?" డ్రై ఫుడ్ సార్, గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంటుంది అన్నాను. "నీళ్లు ఏమాత్రం తాగుతాడు?" గిన్నెలో పెడతాను సార్ అన్నాను. పెట్టడం వేరు, తాగడం వేరు. నాలుగేళ్లలో వాడు ఎన్ని నీళ్లు తాగుతున్నాడో నేను ఒక్కసారి కూడా చూడలేదు. తూస్తే 6 కిలోల 200 గ్రాములు ఉన్నాడు. వాడి ఒంటికి నాలుగున్నర, ఐదు మధ్య ఉండాలి. డ్రై ఫుడ్ కొన్నచోట "ఇదొక్కటి చాలు మేడం, నీళ్లు అవే తాగుతాయి" అన్న మాటను నేను అన్నాళ్లూ పట్టుకుని ఉన్నాను.

ముందుగా ఒక్క మాట చెప్పాలి. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పిల్లి మాటిమాటికీ తొట్టిలోకి పోతూ, ముక్కుతూ, చుక్క రాకుండా ఉంటే పొద్దున చూద్దామని ఆగొద్దు. రాత్రయినా సరే, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

ఒక ఎలుకలో ఏముంది

పిల్లి తిండి గురించి చదివినవన్నీ నా బుర్రలో ఒక దారికి వచ్చింది ఎలుకను లెక్కగా చూడడం మొదలుపెట్టాకే. ఇరవై గ్రాముల చిట్టెలుక అనుకుందాం. దాని బరువులో దాదాపు 70 శాతం నీళ్లు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రొటీను, తరవాత కొవ్వు. పిండి పదార్థం దాదాపు లేనట్టే. ఎముకల్లో కాల్షియం, కార్జంలో విటమిన్ ఎ, గుండెకాయలో కండల్లో టారిన్ అనే పోషకం. మొత్తం కలిపి సుమారు 30 కేలరీలు. నాలుగు కిలోల ఇంటిపిల్లికి రోజుకు కావలసింది 200 నుంచి 240 కేలరీలు. అంటే ఏడెనిమిది ఎలుకలు. అవి ఒక్కసారిగా దొరకవు. పగలూ రాత్రీ కాచుకుని, ఒక్కొక్కటే పట్టి తినాలి.

ఇందులో తిండి ఉంది, నీళ్లున్నాయి, వేళలున్నాయి, కష్టమూ ఉంది. నిండుగా పోసి పెట్టిన డ్రై ఫుడ్ గిన్నె తిండిని ఇస్తుంది. మిగతా మూడింటినీ ఇవ్వదు. పెరుగన్నం గిన్నె ఆ తిండిని కూడా సరిగ్గా ఇవ్వదు.

పెరుగన్నం ఎందుకు చాలదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో పెద్దవాళ్లతో వాదన అంతా ఇక్కడే వస్తుంది. మనిషికీ కుక్కకీ ప్రొటీను తక్కువైతే ఒళ్లు సర్దుకుంటుంది, పొదుపు చేస్తుంది. పిల్లికి ఆ పొదుపు చేతకాదు. తిన్నా తినకపోయినా దాని కాలేయం ప్రొటీనును శక్తి కోసం కరిగిస్తూనే ఉంటుంది. తిండిలో రాకపోతే సొంత కండలనే కరిగించుకుంటుంది. క్యారెట్‌లో ఉండే పదార్థాన్ని మన ఒళ్లు విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. పిల్లి మార్చుకోలేదు. దానికి తయారైన విటమిన్ ఎ మాంసం, కార్జం లాంటి వాటినుంచే రావాలి. తీపి రుచి కూడా పిల్లికి తెలియదు. తీపిని పసిగట్టే గ్రాహకానికి కావలసిన జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో పాడైపోయి ఉందని 2005లో అమెరికాలోని మొనెల్ సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. పిల్లి పాయసం నాకుతోందంటే అది చక్కెర కోసం కాదు, అందులోని పాల కొవ్వు కోసం.

టారిన్ సంగతి ఇంకా ముఖ్యమైనది. ఇది మాంసంలో, చేపలో ఉండే ఒక పదార్థం. బియ్యంలో, పప్పుల్లో ఉండదు. చాలా జంతువులు దీన్ని తమ ఒంట్లోనే తగినంత చేసుకుంటాయి. పిల్లి తనకు చాలినంత చేసుకోలేదు. టారిన్ లేని తిండి తిన్న పిల్లుల కంటిపొర దెబ్బతిని చూపు పోతుందని 1975లో తెలిసింది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పాల్ పయన్, ఆయన తోటివారు ఇంకో సంగతి కనిపెట్టారు. గుండె కండరం పల్చబడి, ఉబ్బి చనిపోతున్న పిల్లుల రక్తంలో టారిన్ చాలా తక్కువగా ఉంది. టారిన్ ఇస్తే ఆ గుండెలు కోలుకున్నాయి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మరో విషయం. ఆ పిల్లులు తింటున్నది అప్పటి ప్రమాణాలకు సరిపోయేలా తయారుచేసిన కొనుగోలు తిండే. ఆ తరవాతే కంపెనీలు టారిన్ పెంచాయి. లెక్కలు కట్టి తిండి తయారుచేసేవాళ్లే అన్నేళ్లు పొరబడ్డారంటే, మనం వంటింట్లో అంచనా మీద చేసే తిండి ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడండి.

ఇక అన్నం. కప్పు అన్నం, అంటే 150 గ్రాములు, సుమారు 200 కేలరీలు. నాలుగు కిలోల పిల్లికి రోజంతటి శక్తి అందులోనే వచ్చేస్తుంది. కడుపు నిండిపోతుంది, ఆకలి తీరిపోతుంది, కావలసిన ప్రొటీనులో కొంచెమే అందుతుంది. రాగి సంగటి అయినా, జొన్న రొట్టె అయినా అంతే. కూరతో పాటు రెండు మెతుకులు పోతే నష్టం లేదు. అదే భోజనం అయితే నష్టం.

పాల గురించి ఒక్క మాట చాలు. తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. ఇష్టంగా తాగుతాయి, తరవాత విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి లేని కూనలకు కూడా ఆవుపాలు, మేకపాలు సరిపోవు. కూనల కోసమే చేసిన పాలపొడి దొరుకుతుంది, అదే కలపాలి.

చికెన్ అంగడి నుంచి

పెరుగన్నం వద్దని తెలిసినవాళ్లు తరవాత చేసే పని చికెన్ ఉడికించి పెట్టడం. ఆదివారం అంగడిలో మనకు కిలో, పిల్లికి పావు కిలో బోన్‌లెస్. ప్రేమగా చేసే పని. నేనూ చేశాను. కానీ బోన్‌లెస్ చికెన్ అంటే ఎముక లేని, కార్జం లేని, గుండెకాయ లేని ఎలుక. కండలో కాల్షియం బాగా తక్కువ, ఫాస్ఫరస్ దానికి పదిరెట్ల పైన. పిల్లికి రెండూ ఇంచుమించు సమానంగా, కాల్షియం కాస్త ఎక్కువగా కావాలి. వట్టి మాంసం మీద పెరిగిన కూనల ఎముకలు బోలుగా తయారవుతాయి. సోఫా మీంచి దూకినా కాలు విరుగుతుంది. ఎముక కోసమని ఉడికిన ఎముకలు వేయకూడదు. అవి చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

కార్జం మంచిదని రోజూ కార్జమే పెడితే విటమిన్ ఎ మితిమీరి మెడ ఎముకలు అతుక్కుపోతాయి. మెడ తిప్పలేక, ఒళ్లు నాక్కోలేక బాధపడతాయి. చేపలే పెడితే ఇంకో చిక్కు. పచ్చి చేపల్లో చాలా రకాలకు విటమిన్ బి1ను చెడగొట్టే గుణం ఉంది. నూనె చేపలు మాత్రమే తింటే విటమిన్ ఇ చాలక ఒంట్లోని కొవ్వు వాచి నొప్పి పెడుతుంది. ఎలుకలో ఇవన్నీ ఉన్నాయి, కానీ ఒక్కొక్కటి కొంచెం కొంచెం, సరైన పాళ్లలో ఉన్నాయి.

అందుకే నా అభిప్రాయం ఇది. ఇంటి వంటనే పూర్తి భోజనంగా పెట్టాలనుకుంటే గ్రాముల లెక్కతో పశువైద్యుల చేత రాయించుకోవాలి. కాల్షియం, టారిన్, విటమిన్లు విడిగా కలపాలి. అంత ఓపిక, అంత క్రమం లేకపోతే పూర్తి పోషకాలున్న కొనుగోలు తిండిని పునాదిగా పెట్టుకోవడమే పిల్లికి మేలు. చికెన్ రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకుండా, అంటే 20, 25 కేలరీలకు మించకుండా ముచ్చటగా పెట్టుకోవచ్చు. రెండు చిన్న ముక్కలతోనే ఆ లెక్క అయిపోతుంది. పెట్టేది తొడ ముక్క అయితే మంచిది, రొమ్ము ముక్కలో కన్నా అందులో టారిన్ చాలా ఎక్కువ. ఉడికించిన నీళ్లు పారబోయకండి, టారిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడకాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. మన నాటుకోడి పులుసులో ముక్కను కడిగి పెట్టినా మసాలా దిగిపోయే ఉంటుంది, పెట్టొద్దు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కూడా దూరంగా ఉంచాలి. ఇది తిండి విషయం కాదు గానీ చెప్పకుండా ఉండలేను: పిల్లికి ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ వేయకండి. సగం బిళ్ల కూడా దాన్ని చంపేయగలదు.

సంచీ వెనక వైపు చదవడం

పిల్లి తిండి సంచీ ముందువైపు బొమ్మలు నాకు ఇప్పుడు కనిపించవు. తిప్పి వెనకవైపు చూస్తాను. మొదట వెతికేది అది పూర్తి ఆహారమా, పైతిండా అన్నది. 'కంప్లీట్' లేదా 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉంటే రోజూ అదొక్కటే పెట్టినా పోషకాలు అందుతాయని తయారుచేసినవాళ్లు చెబుతున్నట్టు. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది పైతిండి మాత్రమే. మొదటి అక్షరాలు చూసి కళ్లు మోసపోతాయి. చిన్న ట్యూబుల్లో వచ్చే క్రీము, కొన్ని రకాల ట్యూనా డబ్బాలు ఈ రెండో రకమే. కూనకా, పెద్దపిల్లికా అన్నది కూడా రాసి ఉంటుంది. ఏడాది నిండేదాకా కూనల తిండే పెట్టాలి.

తరవాత ప్రొటీను. ఇక్కడ అందరూ తికమకపడతారు. డ్రై ఫుడ్ మీద 32 శాతం, గ్రేవీ పౌచ్ (మెత్తటి తడి తిండి ప్యాకెట్టు) మీద 9 శాతం అని ఉంటే పౌచ్‌లో సత్తువ లేదని అనుకుంటాం. నీళ్లు తీసేసి చూడాలి. డ్రై ఫుడ్‌లో తేమ 10 శాతమే. మిగిలిన 90లో 32 అంటే దాదాపు 36 శాతం. పౌచ్‌లో తేమ 80 శాతం. మిగిలిన 20లో 9 అంటే 45 శాతం. పౌచ్‌దే పైచెయ్యి. అమెరికాలో పశువుల దాణా ప్రమాణాలు చూసే ఆఫ్‌కో సంస్థ ఈ నీళ్లు తీసిన లెక్కలో పెద్దపిల్లికి కనీసం 26 శాతం, కూనకు 30 శాతం ప్రొటీను ఉండాలంటుంది. అది కనీసం మాత్రమే. ఇంకా ఎక్కువ ఉంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లికి మంచిదే.

విడిగా కవర్లలో కట్టి అమ్మే డ్రై ఫుడ్ కొనకండి. పెద్ద సంచీ విప్పి, అరకిలో అరకిలో పోసి అమ్ముతారు, ధర తక్కువగా ఉంటుంది. ఏ తేదీ తిండో తెలియదు, పూర్తి ఆహారమో కాదో తెలియదు. మన వేసవిలో రేకుల అంగడిలో పదిరోజులుంటే అందులోని కొవ్వు కారువాసన పడుతుంది. పాత శెనగనూనె వాసన మనకు ఎలా తెలుస్తుందో పిల్లి ముక్కుకు అంతకన్నా బాగా తెలుస్తుంది. తినకుండా మొహం తిప్పుకుంటే "దీనికి గారాబం ఎక్కువైంది" అంటాం. నెలలో అయిపోయేంత చిన్న సంచీ కొని, మూతి మడిచి, ఆ సంచీతో సహా డబ్బాలో పెట్టడం మంచి పద్ధతి.

నీళ్ల జిల్లాలో కాదు, మనమున్నది

అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఈ ఊళ్లో నీళ్ల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లి మాత్రం ఇంతకన్నా ఎండిన నేల నుంచి వచ్చింది. దాని పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి ప్రాంతాల అడవిపిల్లులు. నీళ్ల కోసం వెతకకుండా వేట మాంసంలోని తేమతోనే బతకడం వాటికి అలవాటు. మూత్రాన్ని బాగా చిక్కగా చేసి నీరు మిగుల్చుకునే మూత్రపిండాలు వచ్చాయి. దాంతోపాటు దాహం మొద్దుబారింది. చిక్కటి మూత్రంలోనే రేణువులు కట్టేది.

లెక్క చూడండి. నాలుగు కిలోల పిల్లికి రోజుకు అటూఇటూగా 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. ఎనిమిది చిట్టెలుకలు తింటే అందులో సగానికి పైగా, 110 మిల్లీలీటర్ల దాకా తిండిలోనే వచ్చేస్తుంది. 85 గ్రాముల పౌచ్ ఒకటి తింటే 68 వస్తుంది. 60 గ్రాముల డ్రై ఫుడ్ తింటే వచ్చేది ఆరు. డ్రై ఫుడ్ తినే పిల్లి గిన్నెలో నీళ్లు ఎక్కువే తాగుతుంది గానీ ఆ తేడా పూర్తిగా పూడ్చుకునేంత తాగదు. బూడిదోడు నాలుగేళ్లు అలాంటి కొద్దిపాటి తేమ మీద, వాడి మొద్దు దాహం మీద బతికాడు. అలాంటి జబ్బుకు బెదురు, ఒత్తిడి, ఒళ్లు రావడం లాంటి కారణాలూ తోడవుతాయి. కానీ మన చేతిలో అన్నిటికన్నా తేలిగ్గా ఉన్నది నీళ్లు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో రోజుకు ఒక పౌచ్ తప్పనిసరి. దానికి రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలిపి పల్చగా చేస్తాను. నీళ్ల గిన్నెలు నాలుగు చోట్ల పెట్టాను, తిండికీ తొట్టికీ దూరంగా. రెండు మట్టి మూకుళ్లు. కుండనీళ్లు మనకు ఎందుకు చల్లగా ఉంటాయో వాడికీ అందుకే చల్లగా ఉంటాయి. మూకుడు వెడల్పుగా ఉంటుంది, మీసాలు అంచుకు తగలవు. వాడు ఎక్కువసార్లు తాగేది వాటిలోనే, బాల్కనీ తలుపు పక్కన ఉన్నదాంట్లో మరీ. రోజూ కడిగి మార్చాలి, లేకపోతే అంచున జిగురు పడుతుంది. మన జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కాబట్టి మనం తాగే నీళ్లే పిల్లికీ పోయాలి.

పౌచ్ తిండి వేసవిలో అరగంటకు మించి గిన్నెలో ఉంచొద్దు. ఈగలు వాలేలోపే తీసేసి గిన్నె కడగాలి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ పెట్టేటప్పుడు వేడినీళ్లు కొంచెం కలిపితే చల్లదనం పోయి వాసన వస్తుంది. చల్లటి తిండి చాలా పిల్లులు ముట్టవు.

పొడి తిండికే అలవాటుపడ్డ పిల్లి మెత్తటిదాన్ని మొదట తిండిగా గుర్తించదు. పాతదాంట్లో కొత్తది ఒక చెంచాతో మొదలుపెట్టి వారం పదిరోజుల్లో పెంచుకుంటూ పోవాలి. ఆకలేస్తే అదే తింటుందని పస్తు పెట్టకూడదు. ముఖ్యంగా లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంటి కొవ్వంతా కాలేయానికి చేరి కాలేయం దెబ్బతింటుంది. ఒక రోజంతా ఏమీ ముట్టలేదంటేనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

గుప్పెడు ఎంత?

"ఎంత పెడతావ్?" అని అడిగితే మనవాళ్లు చెప్పేది గుప్పెడు అని. మా ఇంట్లో నా గుప్పెడు తూస్తే 28 గ్రాములు, మా ఆయన గుప్పెడు 41. ఇద్దరం రోజుకు రెండేసి గుప్పెళ్లు పెట్టేవాళ్లం, ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియకుండా. బూడిదోడు 6 కిలోలు దాటాడంటే ఆశ్చర్యం ఏముంది?

వంటింటి డిజిటల్ త్రాసు కొనండి, పిల్లికి ఇంతకన్నా మంచి మందు లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన నాలుగు కిలోల పిల్లికి రోజుకు 230 కేలరీలు అనుకుందాం. డ్రై ఫుడ్ వంద గ్రాములకు 370 కేలరీల దాకా ఉంటుంది. పౌచ్ ఒకటి సుమారు 70. ఒక పౌచ్, 43 గ్రాముల డ్రై ఫుడ్ కలిస్తే రోజు నిండింది. మీరు కొన్న సంచీ మీద అంకె వేరేగా ఉంటే దాంతో లెక్క కట్టుకోవాలి. పది గ్రాములు ఎక్కువైతే ఏమవుతుంది అనిపిస్తుంది. పది గ్రాములంటే 37 కేలరీలు, రోజువారీ అవసరంలో ఆరో వంతు. మనకైతే రోజూ అదనంగా రెండు మూడు దోసెలు తిన్నట్టు. ఆపరేషన్ తరవాత పిల్లికి శక్తి అవసరం పావు వంతు దాకా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఆ నెలలోనే కొలత తగ్గించకపోతే లావు మొదలవుతుంది.

బరువు చూడడానికి పిల్లిని ఎత్తుకుని మనుషుల త్రాసు మీద ఎక్కి, తరవాత మనం ఒక్కరమే ఎక్కి తీసివేస్తే చాలు. అంకె కన్నా చెయ్యి బాగా చెబుతుంది. పక్కటెముకల మీద వేళ్లు మెల్లగా జరపండి. మన చేతి వెనక ఎముకలు ఎలా తగులుతాయో అలా తగలాలి. నొక్కి వెతకాల్సి వస్తే లావు. పైనుంచి చూస్తే నడుము కొంచెం లోపలికి ఉండాలి. పొట్ట కింద వేలాడే చర్మపు మడత సన్నపిల్లికీ ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు. ముసలి పిల్లి విషయంలో లావు కన్నా సన్నబడడం ఎక్కువ భయపెట్టాలి. పదేళ్లు దాటాక ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించి, మూత్రపిండాల సంగతి చూసి తిండి నిర్ణయించాలి.

వేళలు, వేట

ఎలుక ఒకేసారి ఎనిమిది దొరకదని చెప్పాను కదా. పిల్లి కడుపు చిన్నది, అది చిన్న చిన్న తిండ్లకు కుదిరినది. రోజుకు నాలుగుసార్లు వీలైతే మంచిది, మూడు అయినా సరే. కూనలకు నాలుగు తప్పనిసరి. మా ఇంట్లో పొద్దున 6కి సగం పౌచ్, మధ్యాహ్నం కొంత డ్రై ఫుడ్, సాయంత్రం 6కి మిగతా పౌచ్, రాత్రి పడుకునేముందు చివరి డ్రై ఫుడ్. పిల్లి తెల్లవారుజామునా సందెవేళా చురుగ్గా ఉంటుంది. అది మన లోకంలో నాలుగింటికి మొహం మీద కాలు వేసి లేపడంగా తేలుతుంది. అప్పుడు లేచి గిన్నె నింపితే రేపు మూడున్నరకే లేపుతుంది. లేపిన దానికీ తిండికీ సంబంధం తెంచాలి. లేచాక పళ్లు తోముకుని, కాఫీ పెట్టుకుని, ఆ తరవాతే గిన్నె దగ్గరికి పోవాలి. వారం పది రోజులు కష్టం, తరవాత మానుకుంటుంది.

పోయినవాటిలో అందరూ మరిచిపోయేది వేట. కాచుకోవడం, దూకడం, పట్టడం, తినడం, ఒళ్లు నాక్కోవడం, పడుకోవడం. ఈ వరస పిల్లి ఒంట్లో ఉంది. ఇంట్లో దానికి మిగిలింది తినడం, పడుకోవడం. అందుకే తిండికి ముందు పది నిమిషాలు తాడుకు గుడ్డపీలిక కట్టి ఆడిస్తాం. చివర్లో పీలికను పట్టుకోనివ్వాలి, పట్టలేకపోతే చిరాకు పడుతుంది. మధ్యాహ్నం డ్రై ఫుడ్ గిన్నెలో వేయను. అట్టతో చేసిన గుడ్ల ట్రేలో గుంటకు రెండేసి గింజలు వేసి, కొన్ని గుంటలపైన కాగితపు ఉండలు పెడతాను. బూడిదోడు ఒక కాలు ముంచి, గింజను పైకి ఎగరేసి, అది నేల మీద దొర్లుతుంటే వెంటపడి తింటాడు. ముప్ఫై గింజలకు ఇరవై నిమిషాలు పడుతుంది. గిన్నెలో వేస్తే ఒక నిమిషం. ఆరు కిలోల రెండొందలు నుంచి నాలుగు కిలోల ఎనిమిదొందలకు దిగడానికి వాడికి తొమ్మిది నెలలు పట్టింది. వారానికి ఒంటి బరువులో ఒక శాతానికి లోపే తగ్గాడు, డాక్టరు కోరుకున్నదీ అదే.

పోయిన నెల పక్కింటి అత్త వచ్చింది. వాళ్లింట్లో నీసు ముట్టరు. మెట్ల కింద దొరికిన తెల్లపిల్లిని కొడుకు తెచ్చి పెట్టాడు, ఏడాదిగా పాలు, పెరుగన్నం. వెంట్రుకలు రాలుతున్నాయి, వీపు ఎముక తెలుస్తోంది, పొట్ట మాత్రం జారింది. "మా ఇంట్లో మాంసం వండలేను పాపా, అట్లని దీన్ని ఎట్ల వదిలేది?" అంది. వండక్కర్లేదత్తా అన్నాను. శాకాహార పిల్లితిండి అని కూడా అమ్ముతారు గానీ, టారిన్ మొదలుకుని అన్నీ బయటనుంచి కలిపి సరిచూసుకోవాల్సిన ఆ తిండిని నేను ఏ పిల్లికీ చెప్పను. సంచీలో వచ్చే పూర్తి ఆహారానికి పొయ్యి అక్కర్లేదు, వంటపాత్ర అక్కర్లేదు. బాల్కనీలో దానికొక గిన్నె, ఒక చెంచా, కడగడానికి వేరే పీచు పెట్టుకుంటే చాలు. మొదట డాక్టరుకు చూపించి కళ్లు, గుండె పరీక్ష చేయించాం. నులిపురుగుల మందు పట్టించాం. బరువు 2 కిలోల 900. పెరుగన్నంలో పది గింజలు కలపడంతో మొదలుపెట్టి పన్నెండో రోజుకు అన్నం పూర్తిగా ఆపాం. అత్త క్యాలెండర్ మీద రోజూ గ్రాములు రాస్తోంది, పాలపద్దు రాసే చోట. నిన్న తూస్తే 3 కిలోల 150. మళ్లీ వచ్చే ఆదివారం తూస్తాం.